పండుగ ఏ రోజు? పంచాంగం చూసి ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

ఏటా ఒకటి రెండు పండుగలకైనా వాట్సాప్ గ్రూపుల్లో గొడవ తప్పడం లేదు. 2023లో వినాయక చవితి సెప్టెంబరు 18నా, 19నా? 2024లో దీపావళి అక్టోబరు 31నా, నవంబరు 1నా? గోడ మీద క్యాలెండర్ ఒకటి చెబుతుంది, టీవీలో పంతులుగారు ఇంకోటి చెబుతారు. ఈలోపు మేనత్త ఫోన్ చేసి "మా వీధిలో అందరూ రేపే చేసుకుంటున్నారు" అంటుంది. పత్రి కొనాలా వద్దా అని టెన్షన్.

ఇందులో అంత చిక్కుముడి ఏమీ లేదు. ప్రతి పండుగలోనూ ఒక ముఖ్యమైన పని ఉంటుంది: పూజో, స్నానమో, జాగారమో, దీపమో. ఆ పని చేయడానికి ఒక పూట ఉంటుంది. ఆ పూటకి కావలసిన తిథి ఏ రోజు ఉంటే ఆ రోజే పండుగ. నూటికి తొంభై సందేహాలు ఈ ఒక్క సూత్రంతో తీరిపోతాయి. మిగతా పదింటికి కూడా దారి ఉంది, కిందకి వెళ్లే కొద్దీ చెప్తాను.

మొదటి మెట్టు: తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రాసుకోండి

తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరగడానికి పట్టే సమయం. అమావాస్య చివర ఇద్దరూ ఒకే చోట ఉంటారు. అక్కడి నుంచి 12 డిగ్రీల దాకా పాడ్యమి, 24 దాకా విదియ, అలా 360 డిగ్రీలకు 30 తిథులు. చంద్రుడి నడక ఎప్పుడూ ఒకే వేగంతో ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, 26 గంటలు దాటవచ్చు కూడా. అందుకే తిథి అర్ధరాత్రి 12కి మారదు, సూర్యోదయానికీ మారదు. మధ్యాహ్నం రెండింటికో రాత్రి పదింటికో మారిపోతుంది.

గోడ క్యాలెండర్‌లో తేదీ గడిలో పెద్ద అక్షరాలతో ఉండేది సూర్యోదయానికి ఉన్న తిథి. దాన్ని చూసి పండుగ తేల్చుకుంటే చాలాసార్లు పప్పులో కాలేస్తాం. పక్కనే చిన్న అక్షరాలతో "సా. 5.04 వరకు" అని ఉంటుంది చూడండి, మనకు కావలసింది అదే. ఒక కాగితం మీద తిథి మొదలయ్యే తేదీ, గంట, ముగిసే తేదీ, గంట రాసుకోండి. పాత పంచాంగాల్లో ఘడియలు, విఘడియలు ఇస్తారు. ఘడియ అంటే 24 నిమిషాలు. అవి సూర్యోదయం నుంచి లెక్క, కాబట్టి మీ ఊరి సూర్యోదయానికి కలుపుకోవాలి.

రెండో మెట్టు: రోజును ముక్కలు చేయండి

ధర్మశాస్త్రం పగటిని ఐదు భాగాలు చేసింది: ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం. పగలు సరిగ్గా 12 గంటలుండి, ఆరింటికి సూర్యోదయమైతే ఒక్కో భాగం 2 గంటల 24 నిమిషాలు. అంటే మధ్యాహ్నం 10.48 నుంచి 1.12 వరకు, అపరాహ్ణం అక్కడి నుంచి 3.36 వరకు. మనం మాటల్లో "మధ్యాహ్నం మూడింటికి" అంటాం కానీ శాస్త్రం లెక్కలో అది అపరాహ్ణం. ఈ తేడా గుర్తుంచుకోకపోతే చవితి లెక్క తప్పుతుంది.

రాత్రిలో మూడు సమయాలు తెలిస్తే చాలు. సూర్యాస్తమయం తర్వాత సుమారు ఆరు ఘడియలు ప్రదోషం. అర్ధరాత్రికి అటూ ఇటూ కలిపి రెండు ఘడియలు నిశీథం. సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియలు, అంటే గంటన్నర పైచిలుకు, అరుణోదయం.

మూడో మెట్టు: పండుగకు పూటను జత చేయండి

ఉగాది: సూర్యోదయం. చైత్ర శుద్ధ పాడ్యమి సూర్యోదయానికి ఉండాలి. కొత్త సంవత్సరం పొద్దుతోనే మొదలవుతుంది కాబట్టి తెల్లవారుజామున నువ్వుల నూనెతో తలంటుకుని, ఏమీ తినకముందే పచ్చడి తినడం ఆచారం. వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం. కారానికి కొందరు మిరియాలు, కొందరు పచ్చిమిర్చి వేస్తారు. అరటిపండు, జీడిపప్పు, కొబ్బరి వేసి పాయసంలా చేసుకునేవాళ్లూ ఉన్నారు. తినడానికి బాగానే ఉంటుంది, కానీ వేపపువ్వు చేదు తెలియకుండా చేస్తే పచ్చడి ఎందుకు తింటున్నామో ఆ ఉద్దేశమే పోతుంది. సాయంత్రం పంచాంగ శ్రవణం.

2026 ఉగాది భలే ఉదాహరణ. మార్చి 19 ఉదయం సుమారు 6.52కి పాడ్యమి వచ్చింది, హైదరాబాద్‌లో అప్పటికే సూర్యుడు ఉదయించి అరగంట అయింది. మర్నాడు తెల్లవారుజామున 4.52కే పాడ్యమి వెళ్లిపోయింది. అంటే ఏ సూర్యోదయానికీ పాడ్యమి లేదు. దీన్నే తిథి క్షయం అంటారు. అలాంటప్పుడు ఆ తిథి ఏ పగట్లో ఇమిడిపోయిందో ఆ రోజే పండుగ. అందుకే 19న పరాభవ నామ సంవత్సర ఉగాది చేసుకున్నాం.

శ్రీరామనవమి: మధ్యాహ్నం. రాముడు పుట్టింది నవమి మిట్టమధ్యాహ్నం కాబట్టి. భద్రాచలంలో కల్యాణం జరిగేది కూడా ఆ అభిజిత్ లగ్నంలోనే. ఎండలో నిలబడ్డవాళ్లకు పానకం, వడపప్పు ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఒంటిమిట్టలో మాత్రం కోదండరాముడి కల్యాణం నవమి దాటాక, పున్నమి దగ్గర వెన్నెల రాత్రి చేస్తారు. 2025లో నవమి ఏప్రిల్ 6న అయితే అక్కడ కల్యాణం 11 రాత్రి. క్షేత్రాచారం ముందు ఇంటి లెక్క పనిచేయదు.

వరలక్ష్మీ వ్రతం: ఇక్కడ తిథి కంటే వారం ముఖ్యం. శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. ఆ వారం వీలుకాకపోతే ఆ నెలలో ఇంకో శుక్రవారం చేసుకోవచ్చని పెద్దవాళ్లు అంటారు. కాబట్టి దీనికి కంగారు పడనక్కర్లేదు. తొమ్మిది పోగుల తోరం ముందురోజే సిద్ధం చేసుకుంటే పొద్దున సగం పని తగ్గుతుంది.

కృష్ణాష్టమి: నిశీథం. ఇక్కడ మాత్రం రెండు సంప్రదాయాలున్నాయి. స్మార్తులు అర్ధరాత్రి అష్టమి ఉందా అని చూస్తారు. వైష్ణవులు సూర్యోదయానికి అష్టమి, రోహిణీ నక్షత్రం చూస్తారు. 2025లో అష్టమి ఆగస్టు 15 రాత్రి 11.49కి మొదలై 16 రాత్రి 9.34కి ముగిసింది. అర్ధరాత్రి చూసేవాళ్లకు 15, సూర్యోదయం చూసేవాళ్లకు 16. రెండూ సరైనవే. మీ ఇంటి పద్ధతి ఏదో నానమ్మనో అమ్మమ్మనో అడిగితే తెలుస్తుంది.

వినాయక చవితి: మధ్యాహ్నం. 2025లో చవితి ఆగస్టు 26 మధ్యాహ్నం 1.54కి వచ్చి 27 మధ్యాహ్నం 3.44కి వెళ్లింది. 26న మధ్యాహ్న భాగం దాటాకే వచ్చింది కాబట్టి పండుగ 27న, ఎవరికీ అనుమానం లేదు. 2023లో అలా కాలేదు. సెప్టెంబరు 18 మధ్యాహ్నం 12.39 నుంచి 19 మధ్యాహ్నం 1.43 వరకు ఉంది. రెండు రోజులూ మధ్యాహ్న భాగాన్ని తాకింది. అప్పుడు రెండో నియమం చూడాలి: గణపతికి తదియతో కలిసిన చవితి శ్రేష్ఠం. దాని ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో 18న చేశారు. మహారాష్ట్రలో 19న మధ్యాహ్నం పూర్తిగా చవితి ఉందని ఆ రోజు చేశారు. రెండు చోట్లా లెక్క తెలిసే చేశారు.

పూట తెలిస్తే పని సర్దుకోవడం తేలిక. ఏడింటికే పూజ ముగించేసి ఆఫీసుకి పరిగెత్తడం కంటే, ఉదయం ఉండ్రాళ్లు, కుడుములు వండుకుని పదింటికి పసుపు గణపతితో మొదలుపెడితే ఏకవింశతి పత్రి పూజ వేళకి అసలైన మధ్యాహ్నం అవుతుంది. తర్వాత శమంతకోపాఖ్యానం చదివి అక్షతలు నెత్తిన వేసుకోవాలి. చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయన్న భయానికి విరుగుడు ఆ కథే. పత్రి విషయంలో ఒక జాగ్రత్త: 21 ఆకుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. ఈ మూడూ విషపూరితం. పిల్లలున్న ఇంట్లో వాటిని వేరే పళ్లెంలో పెట్టండి, ప్రసాదం పక్కన వద్దు. పూజయ్యాక చేతులు కడుక్కోమని చెప్పండి. తులసిని గణపతికి సమర్పించేది ఏడాదిలో ఈ ఒక్కరోజే.

దసరా: అపరాహ్ణం. దశమి అపరాహ్ణంలో ఉండాలి, శ్రవణా నక్షత్రం తోడైతే ఇంకా మంచిది. అజ్ఞాతవాసం ముగిశాక అర్జునుడు జమ్మిచెట్టు మీది గాండీవాన్ని దించుకున్న కథ ఈ పండుగకు ఆయువుపట్టు. అందుకే జమ్మి పూజకు పొద్దువాటారాక బయల్దేరతారు. తెలంగాణలో జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకుంటారు, దారిలో పాలపిట్ట కనిపిస్తే శుభమంటారు. దానికి ముందు తొమ్మిది రోజులూ బతుకమ్మ. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు, సద్దుల బతుకమ్మ దుర్గాష్టమికి. నవరాత్రులు అన్నాం కదా అని తొమ్మిదే లెక్కపెట్టకండి. తిథి పెరిగితే పండుగకు ఒక రోజు కూడా పెరుగుతుంది. 2025లో సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 దాకా విజయవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి 11 అలంకారాలు చేశారు.

నరక చతుర్దశి, దీపావళి: ఒకటి తెల్లవారుజామున, రెండోది సంధ్య తర్వాత. చతుర్దశి స్నానానికి సూర్యోదయానికి ముందు ఆ తిథి ఉండాలి. దీపావళికి ప్రదోషంలో అమావాస్య ఉండాలి. ఈ రెండూ వేర్వేరు తేదీల్లో పడాలన్న నియమం ఎక్కడా లేదు. 2025లో చతుర్దశి అక్టోబరు 19 మధ్యాహ్నం వచ్చి 20 మధ్యాహ్నం 3.44కి ముగిసింది, వెంటనే అమావాస్య. కాబట్టి 20 తెల్లవారుజామున తలంటు, అదే సాయంత్రం లక్ష్మీపూజ. 21న చీకటి పడేలోపే అమావాస్య అయిపోయింది కాబట్టి ఆ సాయంత్రానికి దీపావళి లేదు.

2024లో గొడవ ఎందుకొచ్చిందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కి అమావాస్య మొదలై నవంబరు 1 సాయంత్రం 6.16 దాకా ఉంది. రెండు సాయంత్రాలనూ తాకింది. 31న ప్రదోషం మొత్తం, ఆ రాత్రంతా అమావాస్యే. 1న మాత్రం పొద్దుగూకాక అరగంట. తెలుగు రాష్ట్రాల్లో 31న చేసుకున్నాం. రెండు రోజులూ ప్రదోషాన్ని తాకితే రెండో రోజు తీసుకోవాలనే పక్షం వాళ్లు ఉత్తరాదిలో కొన్నిచోట్ల 1న చేశారు.

దీపావళి రాత్రి కోస్తా ఊళ్లలో పిల్లలు గోగు కట్టెలకు నూనె గుడ్డలు చుట్టి దివిటీలు కొడతారు. మతాబుల హడావిడిలో ఇది తగ్గిపోయింది గానీ, అమావాస్య పితృదేవతల తిథి, వాళ్లకు దారి చూపే దివిటీ అది. టపాసులు కొనకపోయినా దివిటీ కొట్టకుండా దీపావళి అయిందనిపించుకోకండి.

మహాశివరాత్రి: నిశీథం. బ్రహ్మ విష్ణువులకు ఆద్యంతాలు అందని జ్యోతిర్లింగం వెలసిన లింగోద్భవ కాలం అర్ధరాత్రే. 2026లో చతుర్దశి ఫిబ్రవరి 15 సాయంత్రం 5.04కి వచ్చి 16 సాయంత్రం 5.34కి ముగిసింది. క్యాలెండర్‌లో చతుర్దశి అని కనిపించేది 16నే, అదీ సోమవారం! కానీ ఆ అర్ధరాత్రికి అమావాస్య వచ్చేసింది. శివరాత్రి 15 ఆదివారమే. సూర్యోదయ తిథిని నమ్ముకుంటే ఎలా దెబ్బ తింటామో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఉపవాసం, జాగరణ, నాలుగు జాముల అభిషేకం ఈ పండుగలో ముఖ్యం. జాముకొకటి చొప్పున పాలు, పెరుగు, నెయ్యి, తేనె. ఇంట్లో నాలుగూ కుదరకపోతే లింగోద్భవ కాలం ఒక్కటి పట్టుకోండి. శ్రీశైలంలో ఆ సమయానికి ఆలయ దీపాలు ఆర్పేసి, ఏడాది పొడవునా నేసిన పాగాను చేనేత భక్తుడు చీకట్లోనే విమాన శిఖరం నుంచి నందుల మీదుగా చుడతారు. షుగర్, బీపీ మందులు వేసుకునేవాళ్లు పళ్లు పాలు తీసుకుంటే శివుడేమీ కోప్పడడు, మందు మాత్రం మానకండి.

నాలుగో మెట్టు: నెల సరిగ్గా చూసుకోండి

ఉత్తరాది స్నేహితులు శివరాత్రి ఫాల్గుణంలో అంటారు, మనం మాఘం అంటాం. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకు పున్నమితో. అందుకని బహుళ పక్షంలో నెల పేరు ఒకటి తేడా వస్తుంది, రోజు మాత్రం అదే. కృష్ణాష్టమి మనకు శ్రావణం, వాళ్లకు భాద్రపదం. హిందీ యాప్‌లు వాడేవాళ్లు ఇది గమనించుకోవాలి, ముఖ్యంగా కార్తీకమాసం మొదలు విషయంలో. మన కార్తీకం దీపావళి అమావాస్య వెళ్లాక వచ్చే పాడ్యమి నుంచే.

ఇక అధికమాసం. చాంద్ర సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ, మూడేళ్లకు కాస్త ముందే ఒక నెల అదనంగా వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు జూలైలోనే వరలక్ష్మీ వ్రతం చేయాలేమో అని చాలామంది కంగారు పడ్డారు. పండుగలు, వ్రతాలు అధికమాసం తర్వాత అదే పేరుతో వచ్చే నిజ మాసంలోనే. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. 2025లో ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి 2026లో సెప్టెంబరు 14కి జరగడానికి కారణం అదే.

ఐదో మెట్టు: సూర్యుడి లెక్క ఉన్నవి వేరు

సంక్రాంతికి తిథితో పనిలేదు. సూర్యుడు మకరరాశిలోకి వెళ్లే క్షణం చూడాలి. అది సూర్యాస్తమయం దాటాక జరిగితే మర్నాడు పండుగ. 2024లో జనవరి 15 తెల్లవారుజామున 2.54కి కాబట్టి 15న, 2025లో జనవరి 14 ఉదయం 9.03కి కాబట్టి 14న. ముందురోజు భోగి, తర్వాతి రోజు కనుమ. సంక్రాంతి ఎప్పటికీ జనవరి 14నే అనుకుంటాం గానీ, వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజే. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒకరోజు చొప్పున ముందుకు జరుగుతోంది.

ముక్కోటి ఏకాదశి సూర్యచంద్రుల మిశ్రమం: సూర్యుడు ధనూరాశిలో ఉండే ధనుర్మాసంలో వచ్చే శుద్ధ ఏకాదశి. అందుకే 2025లో జనవరి 10న ఒకసారి, డిసెంబరు 30న మరోసారి వచ్చింది.

ఆరో మెట్టు: సంకల్పంలో ఖాళీలు నింపుకోండి

రోజు తేలాక, పూజలో మొదట చెప్పేది ఈ లెక్కే. సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. పుస్తకంలో చుక్కలు పెట్టి వదిలేసిన చోట ఇవి ముందే పెన్సిల్‌తో రాసుకోండి, పూజ మధ్యలో ఫోన్ వెతుక్కోకుండా. ఊరి విషయంలో "శ్రీశైలస్య" తర్వాత దిక్కు చెప్పాలి. విజయవాడ వాళ్లకు ఈశాన్యం, హైదరాబాద్ వాళ్లకు వాయవ్యం, తిరుపతి వాళ్లకు ఆగ్నేయం. పుస్తకం అచ్చువేసిన ఊరి దిక్కును మన ఊరికి చదివేయడం మామూలే, చూసుకోండి.

ఏడో మెట్టు: పంచాంగాలు తేడాగా ఉంటే

ఒకే తిథికి రెండు పంచాంగాల్లో గంటల తేడా ఉంటే అది అచ్చుతప్పు అనుకోకండి. ఒకటి సూర్యసిద్ధాంతం ఆధారంగా కట్టిన పూర్వపద్ధతి, ఇంకోటి ఆకాశంలో నిజంగా కనిపించే గతులతో కట్టిన దృక్ పద్ధతి కావచ్చు. ముఖపత్రం మీదో పీఠికలోనో ఏ పద్ధతో రాసి ఉంటుంది. నా మట్టుకు దృక్ లెక్కే సబబనిపిస్తుంది, గ్రహణాలు నిమిషాలతో సహా సరిపోయేది దానితోనే. కానీ ఇంట్లో తరాలుగా ఒక పంచాంగం వాడుతుంటే ఆబ్దికాలతో సహా దాన్నే పట్టుకోండి. ఉగాదికి ఒకటి, దీపావళికి ఒకటి, సెలవు ఎప్పుడుందో దాన్ని బట్టి ఇంకొకటి చూడడమే తప్పు.

ఎనిమిదో మెట్టు: విదేశాల్లో ఉన్నవాళ్లకు

తిథి మారే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, సూర్యోదయం మాత్రం ఎవరి ఊరిది వాళ్లకే. కాబట్టి ఇండియా తేదీని అలాగే తీసుకోవద్దు. యాప్‌లో మీ ఊరు ఎంచుకుని, పైన చెప్పిన పూటలు ఆ ఊరి సూర్యోదయ సూర్యాస్తమయాలతో వేసుకోండి. 2025 చవితి న్యూయార్క్‌లో ఆగస్టు 26 తెల్లవారుజామున 4.24కి మొదలై 27 ఉదయం 6.14కే ముగిసింది. అక్కడ మధ్యాహ్నం చవితి ఉన్నది 26న. అంటే హైదరాబాద్ కంటే ఒకరోజు ముందే పండుగ. ఇక్కడ క్షయమైన 2026 ఉగాది పాడ్యమి అక్కడ మార్చి 19 సూర్యోదయానికి హాయిగా ఉంది. అమెరికాలో చాలామంది పురోహితులు సంకల్పంలో "జంబూద్వీపే" బదులు "క్రౌంచద్వీపే" చెప్పిస్తారు, మీ గుడిలో ఏం చెబుతారో కనుక్కోండి.

వారాంతానికి జరపడం గురించి చాలామంది అడుగుతారు. సంఘంలో నలుగురూ కలిసి ఆడే బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ, దీపావళి విందు శనివారానికి జరుపుకుంటే ఇబ్బంది లేదు. ఇంట్లో చవితి పూజ, శివరాత్రి అభిషేకం, దీపావళి దీపం మాత్రం ఆ తిథికే, ఆ పూటకే పెట్టుకోండి. ఆఫీసు ఉన్న రోజు చవితి మధ్యాహ్నం కుదరకపోతే, లంచ్ టైంలో ఇంటికొచ్చి గరికతో, బెల్లం ముక్కతో పావుగంట పూజ చేసుకోవచ్చు. ఉండ్రాళ్లు సాయంత్రం వండుకోవచ్చు.